వాడు ఆడే గేమ్ పేరేంటో కనుక్కున్నారా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబు ఏడో తరగతి, స్కూల్ నుంచి రాగానే ఫోన్‌లో ఏదో గన్ గేమ్, లాక్కుంటే అన్నం మానేసి తలుపేసుకుంటున్నాడు, మీవారు ఫోన్ పగలగొడతానంటున్నారు, పనిలో పనిగా టీవీ కూడా తీయించేద్దామా అని అడిగారు. ఇంత రాశారు కానీ ఆ గేమ్ పేరు ఎక్కడా లేదండీ. తప్పు పట్టడం కాదు, నన్ను అడిగే తల్లిదండ్రుల్లో చాలామంది ఇలాగే అడుగుతారు. నేను మొదలుపెట్టేది కూడా ప్రతిసారీ అక్కడి నుంచే.

ముందు నా సంగతి చెబుతాను, ఏ ధైర్యంతో ఇంత రాస్తున్నానో తెలియాలి కదా. తెనాలిలో 2001 నుంచి 2009 దాకా నెట్ సెంటర్ నడిపాను. ఎనిమిది సిస్టమ్‌లు, గంటకు 20 రూపాయలు. పేరుకి ఇంటర్నెట్, సాయంత్రం స్కూళ్లు వదిలాక మాత్రం అంతా గేములే: రోడ్ రాష్, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్, తర్వాత తర్వాత క్రికెట్ 2007. తొమ్మిదేళ్లు వందల మంది పిల్లల్ని కౌంటర్ వెనక నుంచి చూశాను. ఇప్పుడు మా పెద్దవాడు పదో తరగతి, పాప నాలుగో తరగతి, కాబట్టి తండ్రిగానూ ఇదే గొడవ పడ్డాను, ఇంకా పడుతున్నాను.

సెంటర్‌లో నాకు రెండు రకాల పిల్లలు కనిపించేవాళ్లు. నలుగురైదుగురు కలిసి వచ్చి, పక్కపక్క సిస్టమ్‌ల మీద కౌంటర్ స్ట్రైక్ పెట్టుకుని, గోల గోల చేసి, గంటవగానే ఒకరినొకరు తిట్టుకుంటూ సైకిళ్లెక్కి వెళ్లిపోయేవాళ్లు మొదటి రకం. వాళ్ల గురించి నాకెప్పుడూ బెంగ లేదు. రెండో రకం పిల్లాడు ఒంటరిగా వస్తాడు, మూల సిస్టమ్ అడుగుతాడు, టైమ్ అయిపోయిందంటే జేబులోంచి ఇంకో 20 తీస్తాడు, రాత్రి తొమ్మిదింటికి నేను షట్టర్ దించేదాకా కదలడు. ఓ కుర్రాణ్ని ఒకరోజు అడిగాను, ఏరా ఇంటికెళ్లవా అని. "వెళ్తే ఎవరున్నారన్నా" అన్నాడు. నాన్న గల్ఫ్‌లో, అమ్మ ఆస్పత్రిలో నైట్ డ్యూటీ. ఆ రోజు నేను వాళ్లమ్మగారి దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు, గంటకు 20 వస్తున్నాయి కదా అని ఊరుకున్నాను. నాకు పిల్లలు పుట్టాక ఆ మాట చాలాసార్లు గుర్తొచ్చింది. అందుకే ఎవరైనా "మావాడు గేమ్‌కి బానిసైపోయాడండీ" అంటే నాకు మొదట వచ్చే ప్రశ్న, వాడు ఎవరితో కలిసి ఆడుతున్నాడు, ఆ టైమ్‌లో ఇంట్లో ఎవరుంటున్నారు అని.

సరే, గేమ్ పేరు దగ్గరికి వస్తాను. ఫ్రీ ఫైర్ అయితే 50 మంది ఒకేచోట దిగి ఒకరినొకరు కాల్చుకుంటారు, ఆఖరిదాకా మిగిలినవాళ్లదే గెలుపు, ఆట పది పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది. బీజీఎంఐ అయితే, అంటే మనం ఇప్పటికీ పబ్జీ అని పిలిచేది, 100 మంది, పెద్ద మ్యాప్‌లో చివరిదాకా బతికితే అరగంట పడుతుంది. రెండిట్లోనూ నలుగురు ఒక టీమ్‌గా ఆడొచ్చు, మధ్యలో ఆపి మళ్లీ వచ్చి అక్కడి నుంచే అందుకోవడం కుదరదు. మీరు వంటింట్లోంచి "అన్నం చల్లారిపోతోంది రా" అని కేకేసినప్పుడు వాడి టీమ్‌లో నలుగురిలో ఇద్దరు పోయి, మిగిలిన ఒక్కడు వీడి సాయం కోసం అరుస్తూ ఉండొచ్చు. అప్పుడు ఫోన్ లాక్కోవడమంటే వీధి క్రికెట్‌లో అప్పుడే బ్యాటింగ్ దొరికిన పిల్లాణ్ని రెక్క పట్టుకుని ఇంట్లోకి ఈడ్చుకురావడమే. పైగా ఆ మిగతా ముగ్గురూ వాడి క్లాసువాళ్లే అయితే పొద్దున్నే వాళ్ల ముఖం చూడాలి. వాడు తలుపేసుకున్నది గేమ్ పోయినందుకంటే, నలుగురిలో పరువు పోయినందుకు అయ్యుండొచ్చు.

మన చిన్నప్పుడూ ఇంతే కదండీ. టీవీకి తగిలించే గేమ్‌లో కాంట్రా కాసెట్ పెట్టి అన్నదమ్ములిద్దరం కూర్చుంటే, దాంట్లో సేవ్ చేసుకోవడం ఉండదు, ఆఖరి స్టేజ్‌లో కరెంటు పోయిందంటే మళ్లీ మొదటి నుంచి. అమ్మ పిలిస్తే వినపడనట్టే కూర్చునేవాళ్లం. అది మొండితనం కాదు, అప్పుడు లేస్తే గంట కష్టం పోతుంది.

అందుకని మా ఇంట్లో "అరగంట", "గంట" అనే లెక్క తీసేసి మ్యాచ్‌ల లెక్క పెట్టాను. స్కూల్ ఉన్న రోజు రెండు మ్యాచ్‌లు, శని ఆదివారాలు నాలుగు. రెండోది మొదలయ్యే ముందు నేనో వాళ్లమ్మో వెళ్లి "ఇది ఆఖరిది" అంటాం, మ్యాచ్ నడుస్తుండగా మాత్రం ఒక్క మాట కూడా అనం. అయిపోయాక ఫోన్ వాడే తెచ్చి హాల్లో టేబుల్ మీద పెట్టాలి. చెప్పినంత తేలిగ్గా ఏం జరగలేదు, మొదటి నాలుగైదు రోజులు గొడవే. "త్వరగా చచ్చిపోయాను నాన్నా, ఇది లెక్కలోకి రాదు" అని బేరాలు. రెండు నిమిషాల్లో అయిపోయినా అదీ మ్యాచే అని గట్టిగా నిలబడ్డాం. మూడు వారాలకు దారికొచ్చాడు. ఒకవేళ మీవాడు ఆడేది దిమ్మెలు పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ లాంటిదైతే ఈ లెక్క పనికిరాదు, దానికి ముగింపంటూ లేదు, ఎప్పుడైనా ఆపి మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టుకోవచ్చు, కాబట్టి దానికి గడియారమే సరి. మా పాప అందులో మా అమ్మమ్మగారి ఊళ్లో ఇల్లు కట్టింది, వసారా, పెరట్లో బావి, బావికి గిలకతో సహా. ఆ ఇల్లు పడగొట్టేసి పదేళ్లయింది, నా ఫోన్‌లో ఫోటోలు చూసి కట్టింది. అలాంటి పిల్లను "గేములాడి చెడిపోతోంది" అని నేనెలా అనగలను?

గేములన్నీ ఒకే గాటన కట్టొద్దు అని నేను మొత్తుకునేది అందుకే. మా బంధువుల్లో ఒకాయన ఆన్‌లైన్ రమ్మీనీ, పిల్లలాడే కార్ రేసునీ ఒకటే అనుకుంటాడు. డబ్బులు ఒడ్డి ఆడే ఆటలు వేరు, వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. మామూలు వీడియో గేములు ఆ నిషేధంలోకి రావు. పెద్దవాళ్లు ఈ తేడా తెలియకుండా మాట్లాడితే, ఇక మిగతా ఏం చెప్పినా "వీళ్లకేం తెలీదు" అని పిల్లలు కొట్టిపారేస్తారు, అదే అసలు నష్టం.

పూర్తిగా మాన్పించేయడం గురించి అడిగారు. మన కళ్ల ముందే జరిగింది చూడండి. 2020 సెప్టెంబర్‌లో పబ్జీని నిషేధించారు, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ని, అదే ఏడాది జూలైలో బీజీఎంఐ కూడా స్టోర్లలోంచి పోయింది, మళ్లీ 2023 మేలో తిరిగొచ్చింది. ఆ మూడుసార్లూ మా వీధిలో పిల్లలెవరూ ఫోన్ పక్కన పెట్టలేదు, ఇంకో గేమ్‌లోకి మారారంతే. దక్షిణ కొరియాలో 16 ఏళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఆరింటిదాకా ఆన్‌లైన్ గేములు ఆడకూడదని 2011లో చట్టం పెట్టారు, పదేళ్లు చూసి 2021లో ఎత్తేయాలని నిర్ణయించారు. ప్రభుత్వాలకే అంత కష్టమైంది, ఇంట్లో మనం ఫోన్ పగలగొట్టి సాధిస్తామా? పగలగొడితే వాడు ఫ్రెండ్ ఫోన్‌లో ఆడతాడు, ఫ్రెండ్ ఇంట్లో, మీకు కనపడకుండా. ఆ పని చెయ్యొద్దని మీవారికి నా మాటగా చెప్పండి.

అలాగని వదిలేయమని కాదు. మూడు విషయాల్లో నేను అస్సలు బేరానికి ఒప్పుకోను.

డబ్బు మొదటిది. మావాడు ఆరో తరగతిలో ఉండగా ఓ గేమ్‌లో డ్రెస్సులూ తుపాకీ రంగులూ కొనడానికి నా ఫోన్ నుంచి 4,350 రూపాయలు పంపాడు. ఒకేసారి కాదు, 80, 150, 400 ఇలా పది పన్నెండు సార్లు. కూరగాయల కొట్టు దగ్గర నేను యూపీఐ పిన్ కొడుతుంటే పక్కన నిలబడి చూసి గుర్తుపెట్టుకున్నాడు. ఆ రోజు చెయ్యి చేసుకున్నాను, చాలా తప్పు చేశాను. ఎందుకంటే వాణ్ని కూర్చోబెట్టి అడిగితే తర్వాత తెలిసింది, డబ్బులు పెట్టి కొన్న డ్రెస్ లేనివాణ్ని తోటి పిల్లలు బిచ్చగాడని ఏడిపిస్తారట. ఆ సంగతి కొట్టకముందు తెలిసుంటే వేరేగా మాట్లాడేవాణ్ని. ఇప్పుడు వాడి ఫోన్‌లో యూపీఐ లేదు, కార్డ్ లేదు, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాను, పిన్ మార్చాను. వాళ్ల తాతయ్య పండగలకిచ్చే డబ్బుల్లోంచి ఏడాదికి ఒకసారి, పుట్టినరోజుకి, నాతో చెప్పి కొనుక్కోవచ్చు.

రెండోది మైక్. టీమ్‌లో తెలిసినవాళ్లే ఉంటారని అనుకోవద్దు, గేమే ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లను కలుపుతుంది, వాళ్లు పాతికేళ్లవాళ్లు కావచ్చు, వాళ్ల నోటి నుంచి వచ్చే బూతులు వింటే మీరు తట్టుకోలేరు. మీవాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడుతుంటే ఒక్కరోజు తీసి స్పీకర్‌లో పెట్టమనండి. మా ఇంట్లో నియమం: తెలిసిన ఫ్రెండ్స్ ఉంటేనే మైక్ ఆన్, బయటివాళ్లుంటే ఆఫ్. ఫోన్ నంబర్, స్కూల్ పేరు, ఊరు ఎవరడిగినా చెప్పకూడదు, గిఫ్ట్ ఇస్తామన్నా సరే, ఎవరైనా అలా అడిగితే మాకు చెప్పాలి, చెప్పినందుకు ఫోన్ తీసుకోం అని మాటిచ్చాం. ఆ చివరి మాట చాలా ముఖ్యం. ఫోన్ పోతుందనే భయంతోనే పిల్లలు ఇలాంటివి దాస్తారు.

మూడోది నిద్ర. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్ దగ్గరే ఉంటాయి, మాది వాళ్లది అన్నీ. పడకగదిలోకి ఫోన్ రాదు. అలారానికి గడియారం కొన్నాం. మీరు రాసిన చిరాకు, అన్నం మానేయడం, ఇందులో ఎంత గేమ్ వల్లో, ఎంత నిద్ర చాలక వచ్చిందో పదిరోజులు ఇలా చేసి చూస్తే మీకే తెలుస్తుంది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలా అనే టెన్షన్ మీకు ఉన్నట్టుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. దానికి వాళ్లు చూసేవి మూడు: ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే గేమే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా కొనసాగించడం. అదీ మామూలుగా 12 నెలల పాటు కనపడాలి అంటారు. రోజుకు రెండు గంటలు ఆడి, పిలిస్తే విసుక్కునే పిల్లాడు ఆ కోవలోకి రాడు. కానీ స్కూల్ మానేస్తున్నా, ఫ్రెండ్స్‌ని కలవడం పూర్తిగా ఆపేసినా, తనను తాను ఏమైనా చేసుకుంటానని అన్నా ఏడాది ఆగే పనే లేదు, వెంటనే పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేం లేదు, అది ప్రభుత్వం నడిపేదే. ఫోన్ చేయడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదండీ.

ఇక టీవీ. దయచేసి తీయించకండి. నా దృష్టిలో ఇప్పుడు ఇంట్లో ఉన్న తెరల్లో టీవీయే మంచిది, ఎందుకంటే అది హాల్లో ఉంటుంది, అందరికీ కనపడుతుంది. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వస్తుంటే మా వీధిలో టీవీ ఉన్న రెండిళ్లలో పాతికేసి మంది చాపలమీద కూర్చునేవాళ్లం. శుక్రవారం వచ్చే సినిమా పాటల చిత్రలహరి కోసం హోంవర్క్ ముందే అయిపోయేది. ఆ రోజులు మళ్లీ రావాలని నేను అనడం లేదు, కానీ నలుగురూ ఒకే బొమ్మ చూసి ఒకే చోట నవ్వడంలో ఏదో ఉంది, ఎవరి ఫోన్‌లో వాళ్లు మూలకి కూర్చుంటే అది పోతుంది. మా పాపకు యూట్యూబ్ ఫోన్‌లో ఇవ్వడం మానేసి టీవీలోనే పెట్టించాను, ఒకటి అవగానే ఇంకోటి తనంతట తాను మొదలవకుండా ఆటోప్లే ఆపేశాను. ఏం చూస్తోందో వంటింట్లో ఉన్నా వినపడుతుంది. ఛోటా భీమ్ మన హైదరాబాద్‌లోనే తయారవుతుందని, 2008 నుంచి వస్తోందని చెబితే దాన్ని గీసేవాళ్లు ఎలా గీస్తారు, ఒక్క నడకకి ఎన్ని బొమ్మలు కావాలి అని వారం రోజులు నన్ను తినేసింది. ఇప్పుడు నోట్‌బుక్ అంచుల్లో బొమ్మలు గీసి గబగబా తిప్పుతూ ఉంటుంది.

సీరియళ్ల గురించి మాత్రం నాకు బాధ ఉంది. సరిగ్గా పిల్లలు చదువుకునే ఏడు నుంచి తొమ్మిది మధ్యలోనే అవన్నీ వస్తాయి, అత్త కోడలికి విషం కలపడం, ఒకే మొహాన్ని మూడుసార్లు చూపించి ఢాం ఢాం మని మోత. పిల్లాణ్ని గేమ్‌లో కాల్చుకోవడాలు చూడొద్దని తిట్టి, పక్కనే మనం ఇవి చూస్తే వాడికి ఏమర్థమవుతుంది? అలాగని మా అమ్మ చూసే సీరియల్ కట్టేయలేను, డెబ్బై రెండేళ్లావిడకి సాయంత్రం పూట అదే కాలక్షేపం, ఆ పాత్రల గురించి ఫోన్‌లో మా పిన్నితో మాట్లాడుకుంటుంది. అందుకని పిల్లల చదువు బల్ల డాబా మీద గదిలోకి మార్చాం. పాడుతా తీయగా వచ్చినప్పుడు మాత్రం అందరం కిందే, అది 1996లో మొదలైనప్పటి నుంచి అమ్మ చూస్తోంది, ఎవరు శ్రుతి తప్పారో పాపకి చెబుతూ ఉంటుంది.

మిగతా రోజు సంగతి కూడా అడగాలి మిమ్మల్ని. మీవాడు సాయంత్రం బయటికి వెళ్తాడా? మీ ఇంటి దగ్గర ఆడుకోవడానికి చోటుందా? చాలా కాలనీల్లో ఖాళీ స్థలాలన్నీ ఇళ్లయిపోయాయి, ఉన్న రోడ్డు మీద బండ్లు. బంతి పడితే తిట్టే పక్కింటివాళ్లు. పిల్లాడు ఫోన్ పట్టుకున్నాడు అంటాం కానీ ఫోన్ కాక వాడి చేతికి మనం ఇచ్చింది ఏంటి? మేం ముగ్గురు తల్లిదండ్రులం కలిసి స్కూల్ గ్రౌండ్ సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంచమని హెడ్మాస్టర్‌గారిని అడిగాం, మాలో ఒకరు రోజూ ఉండి చూసుకుంటామంటే ఒప్పుకున్నారు. ఆటలకే కాదు, కళ్లకీ మంచిది, చిన్నప్పుడే దూరపుచూపు తగ్గే సమస్య రాకుండా బయటి వెలుతురు సాయపడుతుంది. తైవాన్‌లో ఇందుకోసమే 2010 నుంచి బడిపిల్లలు రోజూ 120 నిమిషాలు బయట ఉండాలని ఒక కార్యక్రమం పెట్టారు. గ్రౌండ్ నుంచి అలిసిపోయి వచ్చిన రోజు మావాడు రెండు మ్యాచ్‌ల్లో ఒకటి వదిలేసి పడుకున్న సందర్భాలు ఉన్నాయి.

అన్నం దగ్గర ఫోన్ అనేది మీ ఇంట్లో చిన్నప్పటి నుంచి ఉందేమో గుర్తు తెచ్చుకోండి. మా పాపకి రెండేళ్లప్పుడు ఫోన్‌లో పాటలు పెట్టి ముద్దలు పెట్టేవాళ్లం, అప్పటికి అదే సులువు అనిపించింది. రెండేళ్లలోపు పిల్లలకి అసలు తెర చూపించొద్దని పిల్లల డాక్టర్లు చెప్పేది మాకు ఆలస్యంగా తెలిసింది. మాన్పించడానికి నెల పట్టింది, ఆ నెలంతా మా అమ్మ చందమామను చూపిస్తూ, కాకీ పిచ్చుకా కథలు చెబుతూ పెట్టింది. ఇప్పుడు భోజనం దగ్గర ఎవరి ఫోన్ ఉండకూడదు, ఆఫీస్ ఫోనొచ్చినా నేను ఎత్తను. ఇది పెట్టినప్పుడు అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది నేనే. మీవారు ఇంటికొచ్చాక ఎంతసేపు ఫోన్ చూస్తారో మీరు రాయలేదు, అది కూడా చూడండి, ఎందుకంటే మావాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే: "నీకెన్ని మ్యాచ్‌లు నాన్నా?"

ఈ ఆదివారం వాడు ఆడుతున్నప్పుడు వెళ్లి పక్కన కూర్చోండి. మొదటి పది నిమిషాలు ఏమీ అనకండి, మ్యాచ్ అయ్యాక "నాకూ ఒకసారి ఇవ్వు, ఎలా దిగాలో చూపించు" అనండి. మీరు దిగగానే చచ్చిపోతారు, వాడు నవ్వుతాడు, పర్లేదు. గేమ్ పేరు, టీమ్‌లో ఎవరెవరున్నారో, వాడిది ఏ ఫోనో కనుక్కుని ఇక్కడే రాయండి, సెట్టింగ్స్‌లో ఏం మార్చాలో ఒక్కొక్కటీ నేను చెబుతాను.